తాగుడు మానిన మన పెద్దల చరిత్ర: జీలుగు చెట్టు నుంచి సారా కొట్టు దాకా

'ఆదివాసీ అంటే తాగుతాడు' అన్న మాట మనందరం విన్నదే. సంతలో విన్నాం, ఆఫీసుల వరండాల్లో విన్నాం, హాస్టల్ గదుల్లో తోటి విద్యార్థుల నోట విన్నాం. విని విని మనలో కొందరం దాన్ని నమ్మేశాం కూడా. 'మన సంస్కృతే అంత' అని మనమే అనేస్తున్నాం. ఈ రెండు మాటలూ చరిత్ర తెలియక అనేవే. మన జాతుల్లో కల్లు ఎంత పాతదో, తాగుడు మానాలన్న ఆలోచన కూడా అలాగే మనలోంచి పుట్టిందే. ఎవరో కొండ కింద నుంచి వచ్చి నేర్పేదాకా మనం ఆగలేదు.

ఇలాంటి సంచికల్లో వీరుల గురించి, పండుగల గురించి, భాష గురించి ఎన్నో వ్యాసాలు వస్తాయి. మేము ఈ వ్యాసాన్ని తాగుడు మానినవాళ్ల కోసం రాస్తున్నాం. వాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉండవు. కానీ వాళ్ల కథలో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. మానడం ఒక్కరోజులో తీసుకునే నిర్ణయం. మానిన తరువాత చుట్టాల మధ్య, వేల్పుల ముందు, కుల పంచాయితీలో నిలబడటం ఏళ్ల తరబడి సాగే పని. మానినవాడికి ఊరు చోటు ఇచ్చిన దగ్గర ఆ నిర్ణయం నిలిచింది. ఇవ్వని దగ్గర చెదిరిపోయింది.

కల్లు తిండిగా ఉన్న రోజులు

తూర్పు కనుమల్లో కొండరెడ్లకు, కోయలకు జీలుగు చెట్టు తల్లిలాంటిది. ఎండాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయి, పోడులో కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో జీలుగు కల్లే కడుపు నింపేది. పొద్దున దించిన కల్లు తాగి అడవికి పోయేవాళ్లు. కరువు మరీ ముదిరితే చెట్టును కొట్టి, మాను లోపలి గుజ్జును దంచి, పిండి తీసి అంబలి కాచుకునేవాళ్లు. కల్లు, పిండి రెండూ ఒకే చెట్టువి. కాబట్టి ఆ రోజుల్లో కల్లు అంటే ముందు తిండి, తరువాతే మత్తు.

గోదావరికి ఉత్తరాన గోండుల ప్రాంతంలో ఇప్ప చెట్టుదీ ఇదే కథ. ఎండాకాలం మొదట్లో రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, గాదెల్లో దాచుకునేవాళ్లు. అది కూరల్లోకి, రొట్టెల్లోకి, పిల్లల నోటి తీపికి పనికొచ్చేది. కొంత పువ్వుతో సారా కాచేవాళ్లు. ఆ సారాను మొదట భూమికి, పేన్‌కు, చనిపోయిన పెద్దలకు ధారపోసి, ఆ తరువాతే మనుషులు ముట్టేవాళ్లు.

ఈ పద్ధతిలో మూడు కట్టుబాట్లు కనబడతాయి. ఒకటి, కాలం. చెట్టు ఇచ్చినప్పుడే తాగడం, పండుగకే కాచడం. రెండు, పంపకం. ఒక్కడే కూర్చుని తాగడం మర్యాద కాదు. మూడు, డబ్బు లేకపోవడం. కొనేదీ లేదు, అమ్మేదీ లేదు, కాబట్టి అప్పూ లేదు. అప్పుడు తాగి కొట్టుకున్నవాళ్లు లేరని మేము అనం. ఉన్నారు. కానీ తాగుడు కోసం భూమి పోగొట్టుకున్న కుటుంబం ఆ కట్టుబాట్ల కాలంలో ఉండే వీలు లేదు. అది ఆ తరువాతి కథ.

చెట్టు మీద పన్ను

బ్రిటిష్ ప్రభుత్వానికి అబ్కారీ పెద్ద ఆదాయ వనరు. కల్లు గీసే హక్కునూ, సారా అమ్మే హక్కునూ వేలం పాటలో కంట్రాక్టర్లకు ఇచ్చే పద్ధతి మైదానం నుంచి మన్యానికి ఎక్కింది. 1870ల చివరికి రంప ప్రాంతంలో ఇంటి వాడకానికి కూడా ఉచితంగా కల్లు గీసుకోకూడదన్న నిబంధన వచ్చింది. పాట పాడుకున్నవాళ్లు వసూళ్లకు దిగారు. దాని మీద రంప మన్సబ్‌దారు 'చిగురుపన్ను' పేరుతో మరికొంత పిండుకున్నాడు. అంటే తాతలు నాటి, పెంచి, పంచుకున్న చెట్టు కింద నిలబడి మనవాళ్లు పరాయివాడికి పన్ను కట్టవలసి వచ్చింది.

1879 మార్చిలో చోడవరం దగ్గర పోలీసుల మీద తిరుగుబాటుతో రంప పితూరీ మొదలైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకుల వెనక గ్రామాలు కదిలాయి. ఈ పితూరీని కొందరు 'కల్లు కోసం జరిగిన గొడవ' అని తేలిగ్గా మాట్లాడతారు. అది తిండి మీద, చెట్టు మీద, అడవి మీద హక్కు కోసం జరిగిన పోరాటం. మనకు ఇక్కడ ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. తాగుడు 'సమస్య'గా మారింది ఈ దశలోనే. చెట్టు మీద హక్కు పోయింది. కొట్టు వచ్చింది. పండుగకు తాగే పానీయం రోజూ దొరికే సరుకైంది. సరుకుకు వెల ఉంది, వెల లేనివాడికి అప్పు ఉంది, అప్పు తీరనివాడి పంటా పశువూ షావుకారు ఇంటికి పోయాయి.

పడమటి భారతంలోనూ ఇదే జరిగింది. బొంబాయి ప్రెసిడెన్సీలో 1878 అబ్కారీ చట్టం, ఆ తరువాత 1892లో ఇప్పపువ్వు సేకరణ మీదే ఆంక్షలు పెట్టిన చట్టం వచ్చాయి. పువ్వు ఏరుకోవడం నేరమైంది, సీసా కొనుక్కోవడం మాత్రం చట్టబద్ధమైంది.

మానడమే తిరుగుబాటు

ఈ నేపథ్యంలో చూస్తే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దేశంలోని ఎన్నో ఆదివాసీ ప్రాంతాల్లో తాగుడు మానాలన్న పిలుపు ఎందుకు లేచిందో అర్థమవుతుంది. 1914లో ఛోటానాగ్‌పూర్‌లో ఉరావ్ యువకుడు జత్రా ఉరావ్ తన వాళ్లకు మద్యం, మాంసం మానమని, జమీందార్ల పొలాల్లో వెట్టి చేయవద్దని చెప్పాడు. ఆయన అనుచరులే టానా భగత్‌లు. తరువాత వాళ్లు గాంధీగారి ఉద్యమంలో కలిశారు, శిస్తు కట్టక భూములు పోగొట్టుకున్నారు. ఆ భూములు తిరిగి ఇప్పించడానికి 1948లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది.

మన మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన కథ అందరికీ తెలుసు. ఆ దాడికి ముందు ఆయన గూడెం కొండల్లో ఊరూరా తిరిగి చెప్పిన మాటలు అంతగా ప్రచారంలో లేవు. తాగుడు మానండి, తగాదాలకు కోర్టుకు పోకుండా మీ పంచాయితీల్లోనే తీర్చుకోండి. ఆయన చెప్పినవి ఇవి రెండూ. తుపాకీ పట్టకముందే అధికారులు ఆయన మీద నిఘా పెట్టారంటే ఆశ్చర్యం లేదు. తాగనివాడు సారా కంట్రాక్టరుకు డబ్బు ఇవ్వడు, కోర్టుకు పోనివాడు వకీలుకు, స్టాంపు కాగితానికి డబ్బు ఇవ్వడు. ఈ రెండు దారులు మూసుకుపోతే మన్యం మీద మైదానం పట్టు సడలుతుంది. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి వాళ్లు ఆయన వెంట నడిచింది ఈ నేల మీదే.

దక్షిణ గుజరాత్‌లో 1922 చివర్లో 'దేవి' ఉద్యమం వచ్చింది. సలాబాయి అనే దేవత మనుషుల మీద పూనకంగా వచ్చి, కల్లూ సారా మానండి, రోజూ స్నానం చేయండి, సారా కొట్లు నడిపే భూస్వాముల దగ్గర పనికి పోకండి అని చెప్పిందని జనం నమ్మారు. వేల మంది ఒక్కసారిగా మానేశారు. కొట్లు వెలవెలబోయాయి. కానీ కొన్నాళ్లకు కొందరు తిరిగి తాగడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి జనం రెండు వర్గాలుగా చీలిపోయారు. మాట మీద నిలిచినవాళ్లు 'వర్జేలా', వదిలేసినవాళ్లు 'సర్జేలా'. వీళ్లింట వాళ్లు తినరు, వాళ్లతో వీళ్లు వియ్యమందరు.

ఈ చీలిక దగ్గర మనం ఆగి ఆలోచించాలి. ఎందుకంటే ఇది గుజరాత్‌తో పోయిన సమస్య కాదు. మన దగ్గరా ఆదిలాబాద్ ప్రాంతంలో పట్నాపూర్ పూలాజీ బాబా బోధనలు విని మద్యం, మాంసం మానిన కుటుంబాలు ఉన్నాయి. ఏజెన్సీలో చర్చిలో చేరి మానినవాళ్లు ఉన్నారు, మాలధారణతో మొదలుపెట్టి మానినవాళ్లు ఉన్నారు. వీళ్ల ఇళ్లలో దెబ్బలాటలు తగ్గాయి, పిల్లల చదువులు నిలిచాయి. అది కళ్లముందు కనబడే మేలు. అయితే కొన్నిచోట్ల మానినవాళ్లు డప్పు చప్పుడుకు, కొలుపుకు దూరం జరిగారు. మానని చుట్టాలు 'వాడు మనవాడు కాడు' అన్నారు. తాగుడు పోతే మంచిదే. దాని వెంట చుట్టరికం కూడా పోవాలా అన్నది మన ముందున్న ప్రశ్న.

ప్యాకెట్ వచ్చింది, చట్టం వచ్చింది, పోయింది

1980ల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో పెట్టి ఊరూరికీ చేర్చింది. రోడ్డు సరిగా లేని గూడేనికి కూడా ప్యాకెట్ చేరింది. దీనికి ఎదురుతిరిగింది ఆడవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చదివిన 'సీతమ్మ కథ' వాళ్లను కదిలించింది. దూబగుంట రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా కొట్టు మూయించారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

చట్టం ఉన్న రెండేళ్లలో చాలా ఇళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. అయితే దొంగ సరుకు పెరిగింది. సరిహద్దు రాష్ట్రాల నుంచి సీసాలు వచ్చాయి, నల్లబెల్లం, పటికతో కాచే సారా వాగుల పక్కన పొగలు కక్కింది. ఇప్పపువ్వుతో కాచినదానికీ దీనికీ పోలికే లేదు. దీనికి కాలం లేదు, కట్టుబాటు లేదు, ధారపోసే మొక్కు లేదు. తెలంగాణలో గుడుంబా, ఆంధ్రలో నాటుసారా అని పేరు ఏదైనా, అది మన వారసత్వం కాదు. 'మా ఆచారం' అంటూ గుడుంబాను సమర్థించేవాడు జీలుగు చెట్టునూ, దాని కింద కూర్చున్న పెద్దలనూ చిన్నబుచ్చుతున్నాడు.

మానిన తరువాత బతుకు

ఇక అసలు కష్టం గురించి. మన గూడేల్లో మానినవాళ్లను చూసి, వాళ్లతో కూర్చుని మాట్లాడి మేము తెలుసుకున్నవి నాలుగు ఉన్నాయి.

మొదటిది ఒంటి సంగతి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా ఆపేస్తే ఒక రోజులోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనబడి, పలవరించి, ప్రాణం మీదికి వచ్చే అవకాశం కూడా ఉంది. దీన్ని గాలి సోకిందనో, వేల్పు కోపగించిందనో అనుకుని ఇంట్లో ఉంచితే మనిషి దక్కకపోవచ్చు. అది రోగం, దానికి మందు ఉంది. వడ్డె దగ్గరికి పోయే ఆచారం ఉంటే పోనివ్వండి, ఆసుపత్రికి మాత్రం ముందు తీసుకుపోండి. వ్యసనం మాన్పించే సలహా కోసం 14446, మనసు బాగోలేకపోతే 14416 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. రెండూ ప్రభుత్వం నడిపే ఉచిత సేవలే.

రెండోది వేల్పు ముందు నిలబడటం. 'సారా పోయకపోతే పెద్దలు ఒప్పుకుంటారా' అని మానినవాళ్లు భయపడతారు. నిజానికి ధార అంటే ఇవ్వడం. తాగడం దానిలో తరువాత వచ్చి చేరిన భాగం. ధారపోయవలసినవాడు రెండు చుక్కలు భూమికి పోసి, తన వంతు పక్కవాడికి ఇచ్చేస్తే ఆచారం తప్పినట్టు కాదు. కొన్ని ఊళ్లలో నీళ్లు, పాలు, చోడి అంబలి ధారపోస్తున్నారు. దేన్ని పోయాలో ఆ ఊరి పెద్ద, పూజారి కూర్చుని తేల్చుకోవాలి. బయటివాళ్లు చెప్పకూడదు, మేమూ చెప్పం. మానినవాడు కొలుపుకు రావాలి, డప్పు పట్టాలి, ఆడాలి అని మాత్రం చెబుతాం. గుస్సాడీ టోపీలో నెమలీకలు తాగనివాడి తల మీద కూడా అంతే అందంగా ఆడతాయి.

మూడోది పంచాయితీ, పెళ్లి, చావు. మన పంచాయితీల్లో తప్పు కట్టడమంటే చాలాచోట్ల సారా, కోడి. పెళ్లి మాట ఖాయం కావాలంటే సారా. కర్మ రోజు వచ్చినవాళ్లకు సారా. పొలం పనికి పదిమందిని పిలుచుకుంటే సాయంత్రం కల్లు కుండ. అంటే సారా ఒక్క మత్తు పని మాత్రమే చేయలేదు. అది కూలి, అది సాక్ష్యం, అది ఓదార్పు. మానినవాడు ఒక గ్లాసును వదిలితే ఇన్ని పనులు ఒకేసారి ఆగిపోతాయి. వాటికి బదులు ఏమిటో ఊరే చెప్పాలి. తప్పును ధాన్యంగా, లేదా బడికి, బావికి పనికొచ్చే సొమ్ముగా కట్టించుకోవచ్చు. పని సాయానికి అన్నం, కూర పెట్టవచ్చు, లేదా బదులు పనికి పోవచ్చు. ఇది ఒక్క మనిషి తేల్చగలిగిన విషయం కాదు. ఒంటరిగా మానినవాడు మళ్లీ తాగడానికి మన పెళ్లిళ్లే మొదటి కారణమవుతున్నాయి. 'ఒక్క గుక్క, మా మీద గౌరవంతో' అని బావమరిది బలవంతం చేస్తాడు. మానినవాణ్ణి గౌరవించడమంటే ఆ గుక్క అడగకపోవడమే.

నాలుగోది సాయంత్రం. తాగేవాడికి సాయంత్రం ఎలా గడుస్తుందో తెలుసు. మానినవాడికి ఆ మూడు గంటలు కొండలా కనబడతాయి. తాగినప్పుడు మరిచిన అప్పులు, కూతురితో తెగిన మాటలు, చనిపోయిన తమ్ముడు అన్నీ ఒకేసారి గుర్తుకొస్తాయి. ఇంట్లోవాళ్లు కూడా వెంటనే నమ్మరు. భార్య జీతం డబ్బులు ఇంకా దాచే పెడుతుంది, పిల్లలు ఇంకా గుమ్మం దగ్గర అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడతారు. వాళ్లను తప్పుపట్టకూడదు. నమ్మకం మాటలతో తిరిగి రాదు, నెలలు పడుతుంది. ఆ నెలల్లో అతనికి ఏదో ఒక పని, ఎవరో ఒకరి తోడు కావాలి. పిల్లలకు డోలు నేర్పడం, విత్తనాలు కట్టడం, మానిన మరొకరితో అరుగు మీద కూర్చోవడం, ఇవి చిన్నవిగా కనబడతాయి గానీ మనిషిని నిలబెట్టేవి ఇవే.

చెట్టును తిరిగి తెచ్చుకుందాం

తాగుడు మానడమంటే ఇప్ప చెట్టును, జీలుగు చెట్టును వదులుకోవడం కాదు. ఉట్నూరులో మన ఆడబిడ్డలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో జీలుగు నీరాతో బెల్లం చేసే పద్ధతులు రూపొందించారు. మన తాతలు తిండిగా చూసిన చెట్టును మళ్లీ తిండిగా చూడటం కొత్త సంగతి కాదు. అది వెనక్కి వెళ్లి మన దారి మనం పట్టుకోవడం.

చట్టం కూడా ఇప్పుడు కొంత మన చేతిలో ఉంది. 1970ల మధ్యలోనే కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో మద్యం వ్యాపారాన్ని ఆపాలని, ఇంటి అవసరానికి కాచుకునే ఆచారాన్ని మాత్రం వేరుగా చూడాలని రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1996 పెసా చట్టం ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయితీకీ ఉండాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో దానికి తగిన చట్టం, 2011లో నియమాలు వచ్చాయి. గ్రామసభకు మగవాళ్లు రాకపోయినా ఆడవాళ్లు రావాలి, వేలిముద్ర వేసే ముందు కాగితంలో ఏం రాశారో చదివించుకోవాలి. కొట్టు పెట్టే తీర్మానం, కొట్టు తీసే తీర్మానం రెండూ ఒకే రిజిస్టరులో రాస్తారు.

పైనుంచి వచ్చిన నిషేధం రెండేళ్లలో పోయింది. దేవత పేరిట వచ్చిన నిషేధం ఊరును రెండుగా చీల్చింది. మన పంచాయితీలో, మన వేల్పు ముందు, ఆడవాళ్ల మాటతో మనమే పెట్టుకున్న కట్టుబాటు నిలిచే అవకాశం ఎక్కువ. ఎందుకంటే దాన్ని తప్పినవాణ్ణి వెలివేయడానికి కాక మళ్లీ కూర్చోబెట్టుకోవడానికి మనకు తెలిసిన పద్ధతులు ఉన్నాయి. ఒకసారి జారినవాడు మళ్లీ లేస్తాడు, రెండోసారి జారినవాడూ లేస్తాడు. అతనికి అరుగు మీద చోటు ఉండాలి.

రాబోయే కొత్తల పండుగకు మీ ఊరి పెద్దలు కూర్చున్నప్పుడు ఈ ఒక్క విషయం ముందు పెట్టండి. మానినవాడికి ఏ గిన్నెలో ఏం పోయాలి? ఆ ప్రశ్నకు ఊరంతా కలిసి జవాబు చెప్పిన రోజున, మనవాళ్లలో చాలామంది ఆ గిన్నె కోసం చేయి చాస్తారని మా నమ్మకం.

జై ఆదివాసీ.